గోడవతలి పిట్టలు

కంబదూరులో కళ్యాణదుర్గం పోయే రోడ్డు మీద పరుపుల నూర్ మహమ్మద్ అంగడి ఎక్కడని అడిగితే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. ముందుగదిలో దూది ఏకే మిషను, దాని పక్కన చుట్టి నిలబెట్టిన పరుపుగుడ్డలు, కిటికీ కమ్మీల మీద ఎప్పుడూ సన్నటి తెల్లటి నూగు. స్పాంజి పరుపులు వచ్చాక పని తగ్గింది కానీ, పెళ్ళిళ్ళ కాలంలో పాత దూదిని మళ్ళీ ఏకించుకునేవాళ్ళు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. అంగడి సంగతి ఊరందరికీ తెలుసు. ఆ ఇంటి వెనక ఒక తోట ఉందని తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ. అది నూర్ మహమ్మద్ భార్య రోషన్ బీ తోట. ఊళ్ళో ఆమెను రోషనమ్మ అంటారు.

ఆమె కాపురానికి వచ్చినప్పుడు ఆ పెరడు బండరాళ్ళు, పగిలిన పెంకులు, చిరిగిన బొంతలు పారేసే చోటు. ముప్పై ఏళ్ళు అలాగే ఉంది. కూతురు షీరీన్‌ను రాయదుర్గానికి ఇచ్చి పంపినాక ఇంట్లో మధ్యాహ్నాలు ఒక్కసారిగా పొడుగైపోయాయి. ఊరికే కూర్చోవడం రోషనమ్మకు చేతకాని పని. ముందు రాళ్ళు ఏరింది. తర్వాత ఆటోలో చెరువు మట్టి తెప్పించింది. మందారం, దానిమ్మ, నిమ్మ, ఒక మల్లె పాదు, నూనె డబ్బాల్లో పుదీనా, కనకాంబరాలు.

నీళ్ళే కష్టం. ఆ ఊళ్ళో కొళాయి ఏ రోజు వస్తుందో కొళాయికే తెలియదు. బియ్యం కడిగిన నీళ్ళు, బట్టలు జాడించిన నీళ్ళు, ఏదీ మోరీలోకి పోనిచ్చేది కాదు. ఆఖరికి మొగుణ్ణి కూడా వదల్లేదు.

"నమాజుకు కాళ్ళు చేతులు కడుక్కునేది ఉంటే దానిమ్మ చెట్టుకాడికి పోయి కడుక్కో. మోరీకాడ నీకేం పని?" అంది.

నూర్ మహమ్మద్ నెమ్మదస్తుడు. చెంబు తీసుకుని దానిమ్మ మొదట్లోకి పోవడం అలవాటు చేసుకున్నాడు.

"తాగేదానికే నీళ్ళు లేని ఊర్లో పూలచెట్లా?" అని నవ్విన వాళ్ళున్నారు. నవ్వనీ అనుకుంది రోషనమ్మ. తెల్లవారగానే చీపురు పట్టేది. ఎండుటాకు ఒక్కటి కిందపడి ఉండకూడదు. గడ్డిపరక తల ఎత్తకూడదు. నిమ్మాకుల మీద ఆకుపచ్చ పురుగు కనబడితే పుల్లతో తీసి గోడవతలికి విసిరేసేది. పీకిన కలుపూ అక్కడికే. గోడవతల ఇల్లు చాలా ఏళ్ళుగా తాళం వేసి ఉంది. అడిగేవాళ్ళు లేరు.

ఒక చలికాలం పొద్దున ఆమె టీ గ్లాసు పట్టుకుని వెనక మెట్టు మీద కూర్చుని ఉండగా మందారం మీద ఏదో కదిలింది. బొటనవేలంత పిట్ట. నీడలో ఉన్నంతసేపు మసిబొగ్గులా ఉంది. కొమ్మ చివరికి వచ్చి ఎండ తగలగానే ఒళ్ళంతా ఊదా, నీలం కలిసి నెమలి మెడలా మెరిసిపోయింది. తలకిందులుగా వేలాడి, పువ్వు ముందు నుంచి కాకుండా పక్కనుంచి తొడిమె దగ్గర ముక్కు గుచ్చి తేనె తాగింది. ఒక పువ్వు, ఇంకో పువ్వు, ఎగిరిపోయింది. రోషనమ్మ చేతిలో టీ చల్లారిపోయింది. గుండె మాత్రం ఎవరో చక్కిలిగింతలు పెట్టినట్టు ఆడుతూనే ఉంది.

"ఏమయ్యా, తేనెపిట్ట! మన తోటలోకి తేనెపిట్ట వచ్చిండాది!" అని మిషను శబ్దంలో అరిచింది. నూర్ మహమ్మద్ మిషను ఆపి వచ్చేసరికి పిట్ట లేదు. అయినా ఆయన ఖాళీ కొమ్మను కాసేపు మర్యాదగా చూసి పోయాడు.

ఆ రోజు నుంచి రోషనమ్మ బతుక్కి ఒక కొత్త రుచి వచ్చింది. మట్టి మూకుడులో నీళ్ళు పెట్టింది. తోక కింద ఎర్రమచ్చ ఉండే పిగిలిపిట్టలు జంటగా వచ్చి స్నానం చేసి, రెక్కలు విదిలించి, ఉతికి ఆరేసిన బట్టల మీద చుక్కలు చల్లేవి. అంత శుభ్రం చూసే మనిషి, ఆ చుక్కలను చూసి మురిసేది. అంగడిలో మిగిలిన దూదిపింజలను తీగకు తగిలిస్తే పిచ్చుకలూ సన్నటి ఆకుపచ్చ పిట్టలూ పీక్కుపోయేవి. మల్లెమొగ్గ చివర మంచుబొట్టు ఉందంటే, అది జారిపోయేదాకా మెట్టు దిగేది కాదు. ఎవరైనా పలకరిస్తే "మా పిట్టలు" అని మొదలుపెట్టేది. మా మేకలు, మా కోళ్ళు అన్నట్టే.

అట్లా రెండేళ్ళు బాగా గడిచినాక గోడవతల ఇంటి తాళం తీశారు.

వచ్చింది మారెక్క. గుమ్మఘట్ట దగ్గరి పల్లె. గొర్రెల కాపరుల ఇల్లు. పిల్లలు లేరు. మొగుడు పోయాక మంద అమ్మేసి, నాలుగు గొర్రెలు మాత్రం తోలుకుని, తమ్ముడు కొన్న ఈ ఇంట్లోకి వచ్చింది. అరవై దాటిన మనిషి, పెద్ద గొంతు, తెలుగులో సగం కన్నడం. వచ్చిన రోజే గోడమీదుగా తల ఎత్తి, "ఏమ్మే, మజ్జిగ ఉండాదా?" అని అడిగింది. రోషనమ్మ ఇచ్చింది. మంచిదేలే అనుకుంది.

మారెక్క పెరట్లో ఒక మూల గొర్రెలకు దడి కట్టింది. మిగతా జాగాను దాని మానాన వదిలేసింది. అంట్లు తోమిన నీళ్ళు ఎటు పారితే అటు. గొర్రెల పెంట ఎక్కడ పడితే అక్కడ. గుమ్మడి గింజలు ఊసిన చోట గుమ్మడి మొలిచింది. వంగనారు నాటింది గానీ, కాయలు కాసి ముదిరినాక చెట్లు పీకడం మరిచిపోయింది. ఆ ఏడు వానలు ముందే వచ్చాయి, అనంతపురం జిల్లాను ఎన్నడూ చూడనట్టు కురిశాయి. నెల తిరిగేసరికి మారెక్క పెరడు అడవైపోయింది. తంగేడు, ఉత్తరేణి, తుత్తురుబెండ, పేరు తెలియని గడ్డి నడుం ఎత్తు. దాని మీద బీరతీగ పాకి పచ్చటి పూలు పూసింది. రోషనమ్మ ఆ వైపు చూసినప్పుడల్లా చేతులు దురద పెట్టేవి, చీపురు పట్టుకుని గోడ దూకుదామా అని.

తర్వాత ఒక సంగతి గమనించింది. పొద్దున టీ తాగే వేళకు మందారం మీద ఎవరూ లేరు.

తేనెపిట్ట గొంతు వినిపిస్తోంది. కానీ గోడవతల నుంచి. పిగిలిపిట్టలు వచ్చి నీళ్ళాడి, ఈకలు సర్దుకుని, తిన్నగా అటు పోతున్నాయి. పీట వేసుకుని గోడమీదుగా తొంగి చూసింది. ఆ గడ్డిలో ఎన్ని పిట్టలు! పొట్ట మీద పొలుసుల్లాంటి చుక్కలున్న చిన్న పిట్టలు గడ్డికంకులను వంచి ఊయల ఊగుతూ గింజలు తింటున్నాయి. బీరపూల మీద పసుపుపచ్చ సీతాకోకలు. తేనెపిట్ట, ఆమె తేనెపిట్ట, తంగేడు కొమ్మ మీద కూర్చుని గొంతు ఉబ్బించి పాడుతోంది. ఈ రెండేళ్ళలో తన మందారం మీద ఒక్కసారి కూడా అంతసేపు పాడలేదు.

మారెక్క ఆ పక్కనే కూర్చుని వక్కాకు నములుతోంది. తల కూడా ఎత్తలేదు.

రోషనమ్మ పీట దిగింది. పీటను కాలితో గోడవారకు తోసేసింది.

ఆ మధ్యాహ్నం మొగుడికి అన్నం పెడుతూ, "మన పిట్టలు మారెక్క పక్కకు పోతాండాయి" అంది.

"పోనీ. వాటికేమన్నా పట్టా రాసిచ్చినామా?"

"నవ్వద్దు నువ్వు. నీళ్ళు పెట్టింది ఎవరు?"

"నువ్వే."

"ఎండల్లో చెట్లను బతికించింది ఎవరు?"

"నువ్వే."

"మరి?"

నూర్ మహమ్మద్ ముద్ద కలుపుతూ ఆలోచించాడు. "వాటికి ఆడ బాగుండాదేమో" అన్నాడు.

వేరే ఏ మాట అన్నా ఆమె ఓర్చుకునేది.

మర్నాటి నుంచి కొర్రలు చల్లడం మొదలుపెట్టింది. ఊరపిచ్చుకలు గుంపుగా దిగాయి. ఆమె ముఖం విప్పారింది. పిచ్చుకలు గింజలన్నీ ఏరి, నీళ్ళు తాగి, గోడ మీద వరసగా కూర్చుని ముక్కులు తుడుచుకుని, మారెక్క గడ్డిలోకి పోయి గోలగోలగా కబుర్లు పెట్టుకున్నాయి. సాయంకాలానికి మళ్ళీ వచ్చాయి. మళ్ళీ తిన్నాయి. మళ్ళీ పోయాయి.

"తిండి ఈడ, కాపురం ఆడ" అని రోషనమ్మ ఖాళీ చేటను నేలకేసి కొట్టింది.

ఇంకా వెడల్పు మూకుడు తెచ్చింది. దానిమ్మ కింద మరింత శుభ్రంగా ఊడ్చింది. కలుపు మరింత పట్టుగా పీకింది. నిమ్మపురుగులను వెతికి వెతికి తీసి విసిరింది. ఎంత చేస్తే అంత బోసిపోయింది తోట. ఆమెకు అంతుపట్టలేదు. పిట్టలకు కూడా ఒళ్ళు పొగరెక్కిందని తీర్మానించింది. మారెక్క మజ్జిగ అడిగితే, "తోడు వేయలే" అని చెప్పింది. గిన్నె నిండా ఉంది.

అప్పుడు షీరీన్ పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వచ్చింది. తొలి కాన్పు.

రాయదుర్గంలో వాళ్ళది మేడమీద రెండు గదులు. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ. అందుకే వచ్చిన పొద్దుననే వెనక మెట్టు మీద కూర్చుని, "అబ్బ, ఎంత హాయిగా ఉండాది అమ్మా" అంది. రోషనమ్మ కూతురికి మందారాన్ని చూపించింది, దానిమ్మ పిందెలను చూపించింది. ఇద్దరూ చాలాసేపు ఎదురుచూశారు. ఒక గోరింక వచ్చి అటూ ఇటూ నడిచి, ఏమీ దొరకనట్టు వెళ్ళిపోయింది.

"ఫోన్లో చెప్తాంటివే, ఆ పిట్టలేవి?"

రోషనమ్మ జవాబు చెప్పకముందే గోడవతల నుంచి పెద్దగొంతు లేచింది. "ఏమ్మా షీరీనూ, ఈడికి రా తల్లీ! ఈడ శానా ఉండాయి!"

షీరీన్ వెళ్ళింది. ఆ పూటే కాదు, రోజూ వెళ్ళసాగింది. మారెక్క గడ్డి మధ్యలో ఒక రాయి దులిపి దాని మీద గోనెసంచి పరిచింది. షీరీన్ ఆ రాతి మీద కూర్చుని, కడుపు మీద చెయ్యి పెట్టుకుని, గంటలకొద్దీ పిట్టల్ని చూసేది. మారెక్క తనకు తెలిసిన గొర్రెల కథలన్నీ చెప్పేది. ఇటువైపు వంటింట్లో రోషనమ్మ రొట్టెలు కాల్చుతూ, వాళ్ళ నవ్వులు వింటూ, పెనం మీద అట్లకాడను టంగుమని కొట్టేది. కూతురి ఫోనులో స్టేటసు పెట్టిన ఫోటో కూడా చూసింది. తంగేడు పూలు, పక్కన తేనెపిట్ట. కింద 'మా మారెక్క తోట' అని రాసి ఉంది.

మా మారెక్క. ఆ అక్షరాలను రోషనమ్మ చాలాసేపు చూసింది.

ఒక పొద్దున షీరీన్ గోడ దగ్గరికి వచ్చి గుసగుసగా పిలిచింది. "అమ్మా, బిరీన రా. చప్పుడు చేయకుండా రా. ఇది చూడల్ల నువ్వు."

రోషనమ్మ చెయ్యి తుడుచుకుని, చుట్టూ తిరిగి, గొర్రెల దడి పక్కనుంచి, మొదటిసారి మారెక్క పెరట్లో అడుగు పెట్టింది. పల్లేరుముళ్ళు చీరకు పట్టుకున్నాయి. పీకకుండా వదిలేస్తే ముదిరి మాను కట్టిన ఒక వంగచెట్టును షీరీన్ చూపించింది. రెండు పెద్ద ఆకులను అంచులు కలిపి ఎవరో కుట్టారు. నిజంగానే కుట్టారు, చిల్లులు పొడిచి, చిల్లుల్లోంచి దూదిని పురిపెట్టి లాగి, అవతల ముడిలాగా ఉబ్బించి. ఆకుసంచి లోపల మెత్తటి దూది పక్క, దాని మీద కనీకనబడని గుడ్లు. సన్నటి ఆకుపచ్చ పిట్ట ఒకటి తోక నిక్కబొడుచుకుని పక్క కొమ్మ మీద అరుస్తోంది.

"చూసినావా అమ్మా? మన దూదే! ఆ ఊదారంగు పోగు చూడు, నాయన పెండ్లిపరుపు కుట్టే దారం!"

అవును, మన దూదే. మన దారమే. రోషనమ్మ ఆ కుట్టును చూసింది. పరుపు అంచు కుట్టే చేతులు కదా ఆమెవి, పిట్ట ఎంత నేర్పుగా వేసిందో ఆమెకు తెలియక కాదు. ఇంకెక్కడైనా చూసి ఉంటే ఆనందంతో ఏడ్చేది. ఇక్కడ మాత్రం కళ్ళు మండాయి. తన ఇంటి దూది, తన ఇంటి దారం, ఆఖరికి తన కూతురు. అన్నీ ఈ చీపురు తగలని గడ్డిలోకే వచ్చి చేరాయి.

"మా ఇంట్లో ఎవరికీ పిల్లలు పుట్టలే. ఈ పిట్టకన్నా పుట్టనీ" అని నవ్వింది మారెక్క, వెనక నిలబడి.

రోషనమ్మ నవ్వలేదు. "పొయ్యి మీద పప్పు ఉండాది" అని వచ్చేసింది.

నాలుగైదు రోజులు ఆమె మనసులో ఒక మాట నానింది. ఎప్పుడు పుట్టిందో ఆమెకే సరిగ్గా తెలియదు. ఒక సాయంకాలం మారెక్క గొర్రెలకు నీళ్ళు పెడుతుంటే గోడ దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి చెప్పింది.

"అక్కా, ఒక మాట. నీ గడ్డిలో పాము ఉండాది."

మారెక్క తొట్టి దించింది. "పామా? ఎవరు చూసినారు?"

"నేనే చూసినా. నిన్న. ఈ గోడ వార పోతాండె. ఇంత లావు." చేత్తో చూపించింది. "నాకైతే ఏమీ లేదు. కడుపుతో ఉండే పిల్ల ఆడ కూచుంటాది కదా. దానికని చెప్తాండా."

మారెక్క ముఖంలో రంగు మారిపోయింది. ఇంకొక్క ప్రశ్న అడగలేదు. "మంచిపని చేసినావు చెప్పి" అంది.

లోపలికి వచ్చాక రోషనమ్మ తనకు తాను సర్దిచెప్పుకుంది. గడ్డి కోస్తే కోస్తుంది, అంతే కదా. గడ్డి పోతే పిట్టలు ఇటు వస్తాయి. వంగచెట్టును ఎవరు ముట్టుకుంటారు? అయినా అంత గడ్డిలో పాము ఉండదని ఎవరు చెప్పగలరు? ఉండే ఉంటుంది.

మర్నాడు షీరీన్‌ను కళ్యాణదుర్గం ఆసుపత్రిలో చూపించడానికి నూర్ మహమ్మద్ తీసుకువెళ్ళాడు. వాళ్ళు బస్సు ఎక్కినాక మారెక్క కొడవలి పట్టింది. రోషనమ్మ అంగడి చూసుకుంటూ ముందుగదిలో ఉంది. ఒకాయన పాత పరుపు తెచ్చి బేరం చేస్తూ నిలబడ్డాడు. ఆయన పోయేదాకా వెనక ఏం జరుగుతున్నదో వినబడలేదు. విన్న మొదటి శబ్దం గొర్రెల అరుపు.

పరుగున వెళ్ళి చూసింది. మారెక్క తంగేళ్ళను నరికేసింది, గడ్డిని కోసేసింది. కోసినదాని మీదికి, కోయనిదాని మీదికి గొర్రెలను వదిలేసింది. అవి నాలుగూ దొరికిందల్లా పటపటా కొరుకుతున్నాయి. బీరతీగ ఒక గొర్రె మెడకు చుట్టుకుని ఉంది. పిట్టలన్నీ పక్కింటి కరెంటు తీగ మీద వరస కట్టి గోల చేస్తున్నాయి.

"అక్కా! వంగచెట్టు! వంగచెట్టు వదిలేయ్!"

"వదిలేదేమి? దాని మొదట్లోనే పాము దూరే బొరక ఉండాది. మొదలంటా తీసేస్తా" అంది మారెక్క చెమట తుడుచుకుంటూ. కొడవలి అటువైపే పోతోంది.

రోషనమ్మ చుట్టూ తిరిగి దడి వైపు నుంచి పోలేదు. గోడే ఎక్కింది. యాభై దాటిన మనిషి, పీట మీంచి గోడ మీదికి, గోడ మీంచి అటు దూకి, చీర కొంగు చిరిగి, వంగచెట్టు ముందు రెండు చేతులూ చాచి నిలబడింది. ఒక పొట్టేలు ఆమె మోకాలి దగ్గర తల పెట్టి నెట్టింది. దాన్ని నెట్టేసింది. వెనక ఆకుసంచిలోంచి చీమ గొంతంత చప్పుడు. గుడ్లు పగిలి పిల్లలయ్యాయి. నోళ్ళు మాత్రమే ఉన్న పిల్లలు.

"ఇందులో పిల్లలు ఉండాయక్కా."

"తెలుసు నాకు. కానీ మన పిల్ల కంటే ఎక్కువనా?"

రోషనమ్మ చాచిన చేతులు దించలేదు. మారెక్క ఆమె ముఖంలోకి చూసి కొడవలి దించింది. "సరేలే. ఆ ఒక్క చెట్టు వదిలేస్తా. షీరీన్‌ను మాత్రం ఈడికి పంపొద్దు" అంది.

మధ్యాహ్నానికి ఆ పెరడు గుండు కొట్టించుకున్న తలలా అయింది. ఎర్రమట్టి మధ్య ఒకే ఒక్క వంగచెట్టు, దాని మీద ఎండ. కరెంటు తీగ మీద కూర్చున్న పిట్టలు కాసేపు చూశాయి. ఒక్కొక్కటే ఎగిరిపోయాయి. అవి రోషనమ్మ తోటలో దిగలేదు. ఆమె ఇంటిమీదుగానే రోడ్డు దాటి చేల వైపు పోయాయి.

కాకులు మాత్రం వచ్చాయి.

ఆ తర్వాతి రోజుల్లో రోషనమ్మ మారెక్క పెరట్లోనే కాపలా కాసింది. నాలుగు కట్టెలు పాతి, పాత పరుపుగుడ్డ కట్టి చెట్టుకు నీడ చేసింది. కర్ర పట్టుకుని కాకుల్ని అదిలించింది. తల్లిపిట్ట దూరంగా ఎక్కడి నుంచో పురుగులు తెచ్చి, మనిషిని చూసి బెదిరి, మళ్ళీ ధైర్యం చేసి సంచిలోకి దూరేది. ఒక్కో పురుగుకు ఎంతసేపు పడుతుందో చూస్తూ కూర్చున్నప్పుడు, తాను గోడమీదుగా విసిరిన నిమ్మపురుగులు గుర్తొచ్చాయి రోషనమ్మకు. వెళ్ళి తన నిమ్మచెట్టు మీద వెతికింది. ఒక్కటి కూడా లేదు. అంత శుభ్రంగా పెట్టుకుంది.

షీరీన్ తల్లితో సరిగా మాట్లాడటం మానేసింది. "మన ఊళ్ళో పాముల్లేని గడ్డి ఉంటాదా అమ్మా? నాకు ఒక మాట చెప్పుంటే నేనే పోకుండా ఉంటాంటి కదా" అంది ఒకసారి. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

మూడోనాడో నాలుగోనాడో మారెక్క రాగిసంగటి గిన్నె తెచ్చి రోషనమ్మ పక్కన పెట్టి కూలబడింది. "తిను మే. పొద్దున్నుంచీ ఎండలో ఉండావు." తర్వాత చుట్టూ చూసి అంది. "అంతా దున్నినట్టు తిరగేసినా. బొరకలో నీళ్ళు పోసినా. పాము కనపడలే. యాడ పోయిండాదో. అదే భయంగా ఉండాది."

సంగటి ముద్ద రోషనమ్మ చేతిలోనే ఉండిపోయింది.

"పాము లేదక్కా" అంది.

"ఆఁ?"

"నేను చూడలే. ఊరికే చెప్పినా. పిట్టలన్నీ నీ పక్కకే వస్తాంటే ఓర్చుకోలేకపోతి. పిల్ల కూడా ఈడికే వస్తాండె."

 మారెక్క పెద్ద గొంతు అంత చిన్నగా వస్తుందని రోషనమ్మ ఎప్పుడూ అనుకోలేదు.

"గడ్డి పోతే పోయింది. గడ్డి మళ్ళా వస్తాది. ఆ పిల్లకు ఏమన్నా అయితాదేమోనని నేను నిద్ర పోలే మే. నా తోటలో కూచోబెట్టినా కదా అని నా మీద నాకే కోపం వచ్చె." లేచి నిలబడింది. "అడిగుంటే ఇంత గడ్డి నీ పక్కన కూడా నాటిస్తాంటి" అని వెళ్ళిపోయింది. గిన్నె కూడా తీసుకుపోలేదు.

రోషనమ్మ ఆ గిన్నెను తోమి, అందులో బెల్లం పెట్టి పంపింది. బెల్లం తిరిగి వచ్చింది.

పిట్టపిల్లలు ఒక పొద్దున ఎగిరాయి. మూడు. ఒకటి ముందు కింద పడి, గంతులేసి, దడి మీదికి ఎక్కింది. మిగతా రెండూ దాని వెనకే. తల్లి ముందు, అవి వెనక, రోడ్డు దాటి పోయాయి. రోషనమ్మ కర్ర పట్టుకుని చూస్తూ నిలబడింది. గుమ్మంలో మారెక్క కూడా చూసింది.  రోషనమ్మ కట్టెలు పీకి, గుడ్డ మడిచి, ఇంటికొచ్చింది.

షీరీన్‌కు ఆడపిల్ల పుట్టింది. బిడ్డను చూడటానికి మారెక్క వచ్చింది. రోషనమ్మ వైపు చూడకుండా లోపలికి పోయి, కొంగున కట్టుకొచ్చిన వెండి మొలతాడు బిడ్డకు కట్టి, చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏదో జోల పాడింది, గొంతు బొంగురైనా బిడ్డ ఆ గొంతుకే నిద్రపోయింది. రోషనమ్మ వంటింట్లో పాలు కాస్తూ అది చూసింది. తాను ఎత్తుకుంటే ఏడ్చే బిడ్డ.  పాలగిన్నె దించి, టీ కలిపి, తీసుకెళ్ళి మారెక్కకు ఇచ్చింది. మారెక్క తాగింది. అంతే.

తోటలో రోషనమ్మ ఒక పని చేసింది. నిమ్మచెట్టు వెనక మూలను ఊడ్చడం మానేసింది. తేలిక కాదు ఆమెకు. పొద్దున్నే చీపురు అటే పోయేది, చేతిని వెనక్కి లాక్కునేది. ఎండుటాకులు పోగయ్యాయి. గడ్డి లేచింది. నిమ్మపురుగులు ఆకులను తొలిచాయి. అవి తినే ఆకులను చూస్తే ప్రాణం పోయినంత పనయ్యేది. నూర్ మహమ్మద్ ఒకరోజు నమాజుకు ముందు వజూ చేస్తూ, కాళ్ళు చేతులు కడుక్కుంటూ, "ఆ మూల మరిచినట్టుండావే" అన్నాడు. "మరవలే" అంది ఆమె.

వానాకాలం చివరి వానలు పడ్డాయి. మారెక్క అన్నట్టే గడ్డి మళ్ళీ వచ్చింది, ముందు ఆమె వైపే, బాగా. రోషనమ్మ మూలలో ఒక పిచ్చుక జంట తిరుగుతోంది. ఎండుటాకుల్లో ఏదో ఏరుకునే బూడిదరంగు పిట్టలు ఆరేడు గుంపుగా వచ్చి, కొట్లాడుకుని పోతున్నాయి. తేనెపిట్ట మందారానికి వస్తోంది కానీ, పాడటం మాత్రం ఇప్పటికీ అవతలే.

ఒక పొద్దున గోడవతల నుంచి పిలుపు వచ్చింది.

"రోషనమ్మా! ఓ రోషనమ్మా! బిరీన రా మే, ఏదో కొత్తది వచ్చిండాది! బిడ్డను కూడా ఎత్తుకోని రా!"

ఎన్ని వారాల తర్వాత ఆ గొంతు తన పేరు పిలిచిందో. రోషనమ్మ స్టవ్వు ఆపిందో లేదో చూసుకోకుండా, మనవరాలిని ఎత్తుకుని దడి వైపు నుంచి వెళ్ళింది. మారెక్క వేలు నోటికి అడ్డం పెట్టుకుని చూపించింది. తల మీద విసనకర్రలాంటి కుచ్చు, రెక్కల మీద నలుపు తెలుపు పట్టెలు, ఇటుకరాయి రంగు మెడ. పొడుగాటి ముక్కుతో గొర్రెల పెంటలో పొడిచి పొడిచి పురుగులు తీస్తోంది. ఏదో చప్పుడుకు కుచ్చు విప్పింది. విసనకర్ర తెరిచినట్టు.

"దీన్ని ఏమంటారు మే?"

"తెలీదక్కా. ఎంత బాగుండాది."

"బాగుండాది కదా!" మారెక్క తానే తయారుచేసినంత సంబరంగా చూసింది. బిడ్డను అందుకుని భుజాన వేసుకుంది. ముగ్గురూ కదలకుండా నిలబడ్డారు. పిట్ట రెండు అడుగులు ఇటు వేసింది, మళ్ళీ అటు తిరిగింది.

మా పక్క కూడా పురుగులున్నాయి కదా, అనుకుంది రోషనమ్మ. ఆ ఒక్క గోడ దాటి వస్తే దాని సొమ్మేం పోయింది? మొదట ఇక్కడే దిగాలా? ఊపిరి బిగబట్టి, ఆ కుచ్చు మళ్ళీ ఎప్పుడు విప్పుతుందా అని కన్నార్పకుండా చూస్తూనే ఉంది.